ఎగిరే కారు తొలి టెస్ట్ ఫ్లైట్‌కు ముందు ఏం జరుగుతుంది? శ్రీహరికోట ప్రయోగాలు చెప్పే పాఠాలివే..

నెల్లూరు తీరం: ఎగిరే కారు.. ఈ మాట వినగానే సినిమా సీన్ గుర్తొస్తుంది. ఫోన్ తెరిస్తే చాలు, నేల మీద నుంచి లేచే కార్లు, నాలుగు ఫ్యాన్ల ఎయిర్ ట్యాక్సీల వీడియోలు కనిపిస్తూనే ఉంటాయి. వీడియోలో మనం చూసేది ముప్పై సెకన్లే. దాని వెనక నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి నేల మీదే జరిగే పని ఉంటుంది. కొత్తగా తయారైన ఒక వాహనాన్ని మొదటిసారి గాల్లోకి లేపడానికి ముందు అసలు ఏం చేస్తారు? ఏది చూసుకుంటారు? ఎప్పుడు ఆపేస్తారు?

దీనికి జవాబు వెతకడానికి విదేశాలకు వెళ్లక్కర్లేదు. నెల్లూరు తీరంలోని శ్రీహరికోటలో యాభై ఏళ్లకు పైగా జరుగుతున్న పని ఇదే. 2016లో రెక్కలున్న ఒక ప్రయోగ వాహనం మొదటిసారి ఎగిరింది కూడా ఇక్కడి నుంచే.

ముఖ్యాంశాలు..

- 2016 మే 23న శ్రీహరికోట నుంచి ఎగిరిన రెక్కల వాహనం ఆర్‌ఎల్‌వీ-టీడీ. మొత్తం ప్రయాణం సుమారు 770 సెకన్లు.
- ఆ కాసేపటి కోసం సుమారు 120 గంటల విండ్ టన్నెల్ పరీక్షలు, 1,100 సార్లు కంప్యూటర్‌లో ఉత్తుత్తి ప్రయాణాలు.
- 1979లో కంప్యూటర్ ఆపమన్నా ఆపలేదు. రాకెట్ బంగాళాఖాతంలో పడింది.
- 2023లో 5 సెకన్ల ముందు కంప్యూటర్ ఆపింది. సరిచేశాక అదే రోజు ప్రయోగం సక్సెస్.
- ఎగిరే కారుకైనా మెట్లు ఇవే. మొదట తాడు, తర్వాత బొమ్మ, చివర్లో మనిషి.

సముద్రం పక్కనే ఎందుకు?

శ్రీహరికోట ఒక దీవి. ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు బంగాళాఖాతం. సూళ్లూరుపేట మీదుగా సరస్సు మధ్యలో వేసిన రోడ్డు మీద వెళ్లాలి. చెన్నైకి ఉత్తరాన దాదాపు 80 కిలోమీటర్లు. 1969లో ఈ చోటును ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ప్రయోగాలు మొదలయ్యాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇప్పటికీ దీన్ని ‘షార్’ అనే పిలుస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు అంతా నెల్లూరు జిల్లాయే.

ఈ చోటే ఎందుకంటే.. తూర్పున కనుచూపు మేర నీళ్లే. కొత్త వాహనం ఎప్పుడు, ఎక్కడ మొరాయిస్తుందో ఎవరూ ముందే చెప్పలేరు. పడితే ఎక్కడ పడాలో మాత్రం ముందే నిర్ణయించుకోవచ్చు. తొలి ప్రయోగానికి చోటు వెతికేటప్పుడు ‘ఎక్కడి నుంచి ఎగరాలి’ అన్నది రెండో ప్రశ్న. ‘ఎక్కడ పడితే ఎవరికీ ఏమీ కాదు’ అన్నదే మొదటి ప్రశ్న.

రెక్కల వాహనం.. 13 నిమిషాల లోపే ప్రయాణం

ఇక 2016 సంగతి. వాడిన రాకెట్‌నే మళ్లీ వాడాలన్నది ఇస్రో ఆలోచన. అందుకు విమానంలా తిరిగొచ్చి రన్‌వే మీద దిగే వాహనం కావాలి. ఒకేసారి పెద్దది కట్టకుండా ముందు చిన్న నమూనా చేశారు. పొడవు 6.5 మీటర్లు, బరువు 1.75 టన్నులు. మనం రోజూ చూసే పెద్ద కారు బరువు కూడా దాదాపు ఇంతే. పేరు ఆర్‌ఎల్‌వీ-టీడీ.

మే 23, ఉదయం 7 గంటలు. హెచ్‌ఎస్9 అనే ఘన ఇంధన బూస్టర్ ఈ వాహనాన్ని నెత్తిన పెట్టుకుని లేచింది. 91 సెకన్లకు పైగా మండి 56 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చింది. అక్కడ విడిపోయిన వాహనం 65 కిలోమీటర్ల దాకా వెళ్లి, ధ్వని వేగానికి సుమారు ఐదు రెట్ల వేగంతో కిందకు తిరిగింది. తనను తానే అదుపు చేసుకుంటూ, శ్రీహరికోటకు 450 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో ముందే అనుకున్న చోట దిగింది. మొత్తం సుమారు 770 సెకన్లు. అంటే 13 నిమిషాలు కూడా కాదు.

ఈ 13 నిమిషాల కోసం నేల మీద ఏం చేశారో చూడండి.

గాలి పరీక్ష: బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌లో సుమారు 120 గంటలు విండ్ టన్నెల్ పరీక్షలు జరిగాయి. విండ్ టన్నెల్ అంటే పెద్ద గొట్టం లాంటి గది. అందులో నమూనాను పెట్టి దాని మీదకు వేగంగా గాలి వదులుతారు. రెక్కల మీద ఎంత ఒత్తిడి పడుతోంది, ముక్కు ఎటు తిరుగుతోంది అన్నది కొలుస్తారు.

కంప్యూటర్ పరీక్ష: గాలి ప్రవాహం లెక్కల కోసం సుమారు 5,000 గంటలు, ఉత్తుత్తి ప్రయాణాలు సుమారు 1,100 సార్లు. అసలు వాహనం ఒక్కసారి కూడా ఎగరకముందే కంప్యూటర్‌లో వెయ్యిసార్లకు పైగా ఎగిరిందన్నమాట.

వేడి పరీక్ష: అంత వేగంతో తిరిగొస్తే ఒళ్లు కాలిపోతుంది. అందుకే పొట్ట భాగానికి తేలికపాటి సిలికా పలకలు అతికించారు. ఇవి దాదాపు 600. ముక్కుకు కార్బన్‌తో చేసిన ప్రత్యేకమైన టోపీ పెట్టారు.

బూస్టర్‌లో మార్పు: మామూలు రాకెట్ గుండ్రంగా, సన్నగా ఉంటుంది. దీనికేమో పైన రెక్కలున్నాయి. కింద గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి వేగం ఒక్కసారిగా పెరిగితే రెక్కల మీద భారం పెరిగిపోతుంది. అందుకే నెమ్మదిగా మండే ఇంధనంతో బూస్టర్ తయారు చేశారు.

ఇన్ని చేసినా ఒక పని మాత్రం కావాలనే చేయలేదు. దానికి చక్రాలు పెట్టలేదు, నీళ్లలో తేలే ఏర్పాటు కూడా చేయలేదు. వాహనాన్ని వెనక్కి తేవడం ఆ రోజు లెక్కలోనే లేదు. వాళ్లకు కావాల్సింది వాహనం కాదు, అది పంపే సమాచారం. ఆ సమాచారాన్ని శ్రీహరికోటలోని కేంద్రాలు, సముద్రంలో ఓడ మీద పెట్టిన పరికరం పట్టుకున్నాయి.

ఒక పరీక్షకు ఒకే ప్రశ్న

తొలి ప్రయోగంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అన్నీ ఒకేసారి చూపించాలనుకోవడం. ఎగరాలి, తిరగాలి, దిగాలి, అందులో మనిషి కూడా ఉండాలి. ఏదైనా తేడా వస్తే దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేరు.

ఇస్రో ఏం చేసిందంటే, 2016లో అడిగింది ఒక్కటే. ‘అంత వేగంతో వచ్చేటప్పుడు రెక్కలు, పలకలు, అదుపు చేసే సాఫ్ట్‌వేర్ తట్టుకుంటాయా?’ రన్‌వే మీద దిగగలదా అన్నది ఆ రోజు ప్రశ్న కాదు. దానికి ఏడేళ్లు ఆగారు.

2023 ఏప్రిల్ 2న కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గరున్న పరీక్షా కేంద్రంలో వైమానిక దళం చినూక్ హెలికాప్టర్ వాహనాన్ని 4.5 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్లి వదిలింది. అది తనంతట తానే రన్‌వే మీద దిగింది. 2024 మార్చి 22న కావాలనే రన్‌వేకు 150 మీటర్లు పక్కగా వదిలారు. దారి సరిచేసుకుని మరీ దిగింది. అదే ఏడాది జూన్ 23న పక్కకు 500 మీటర్ల తేడా పెట్టి, గాలులు కూడా ఎక్కువగా ఉన్నప్పుడు వదిలారు. గంటకు 320 కిలోమీటర్లకు పైగా వేగంతో నేలను తాకింది. ప్యారాచూట్ విప్పి వేగాన్ని 100కు తగ్గించుకుని, బ్రేకులతో ఆగింది. ఈ వాహనానికి పెట్టిన పేరు ‘పుష్పక్’.

తేలికది ముందు, కష్టమైంది తర్వాత. ఎగిరే కారు తయారు చేసేవాళ్లకు ఇక్కడ దొరికే మొదటి పాఠం ఇదే.

ఆపడం తెలియాలి.. 1979కి, 2023కి తేడా ఇదే

రెండో పాఠం ఇంకా పెద్దది. అది ఇదే తీరంలో, ఒక ఓటమి నుంచి వచ్చింది.

1979 ఆగస్టు 10. మన దేశం సొంతంగా ఉపగ్రహాన్ని పంపాలని తయారు చేసిన మొదటి రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3. ఎత్తు 23 మీటర్లు, బరువు 17 టన్నులు. దాని మిషన్ డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. చివరి నిమిషాల్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపమంది. ఏదో లీక్ ఉందని చూపించింది. చుట్టూ ఉన్న నిపుణులు లెక్కలు వేసి, ఫర్వాలేదు, వెళ్లొచ్చు అన్నారు. కలాం కంప్యూటర్‌ను పక్కనపెట్టి ప్రయోగానికి సరే అన్నారు. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో అదుపు తప్పింది. నైట్రిక్ యాసిడ్ లీక్ కావడంతో అదుపు చేసే వ్యవస్థ పనిచేయలేదు. రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది.

ఆ తర్వాత కలాం ఈ విషయాన్ని ఎక్కడా దాచుకోలేదు. ఎన్నో సభల్లో పిల్లలకు స్వయంగా చెప్పేవారు. ఆ రోజు మీడియా ముందుకొచ్చి బాధ్యత తన మీద వేసుకున్నది మాత్రం అప్పటి ఇస్రో చైర్మన్ సతీష్ ధావన్. 1980 జులై 18న అదే రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పుడు మీడియా ముందుకు కలాంనే పంపించారు. ఇప్పుడు శ్రీహరికోట కేంద్రానికి ఉన్న పేరు ఆ సతీష్ ధావన్‌దే.

ఇక 2023 అక్టోబరు 21కి వద్దాం. గగన్‌యాన్ వ్యోమగాములను ఆపదలో కాపాడే వ్యవస్థకు అది పరీక్ష. పేరు టీవీ-డీ1. ఉదయం 8 గంటలకు అనుకున్నారు. వాతావరణం బాగోలేక 8.45కు మార్చారు. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. సరిగ్గా 5 సెకన్లు ఉందనగా కంప్యూటర్ ఆపేసింది. ఈసారి ఎవరూ దాన్ని పక్కన పెట్టలేదు. తేడా ఎక్కడుందో వెతికారు, పర్యవేక్షణ వ్యవస్థలో ఉందని గుర్తించారు, సరిచేశారు. 10 గంటలకు మళ్లీ ప్రయోగించారు. క్రూ మాడ్యూల్ రాకెట్ నుంచి విడిపోయి ప్యారాచూట్లతో, తీరానికి దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో దిగింది. నావికాదళం దాన్ని బయటకు తీసింది.

లైవ్ చూస్తున్నవాళ్లకు ఆ 5 సెకన్ల దగ్గర ఆగడం నిరాశగానే అనిపించి ఉంటుంది. నిజానికి ఆ రోజు మొదటి సక్సెస్ అదే. ‘ఏ నంబర్ దాటితే ఆపాలి’ అన్నది ముందే రాసి పెట్టుకున్నారు. ఆ సమయానికి అందరూ చూస్తున్నారు కదా అని మనసు మార్చుకోలేదు.

మరి ఎగిరే కారు సంగతి?

ఎగిరే కార్లలో రెండు రకాలున్నాయి. ఒకటి రోడ్డు మీద కారులా నడిచి, రెక్కలు విప్పుకుని రన్‌వే మీద నుంచి లేచేది. స్లొవేకియాలో తయారైన ‘ఎయిర్‌కార్’ ఈ రకం. 2021 జూన్ 28న నిత్రా నుంచి బ్రాటిస్లావాకు 35 నిమిషాల్లో ఎగిరింది. దిగాక కొద్ది నిమిషాల్లోనే రెక్కలు మడిచి రోడ్డెక్కింది. 70 గంటల టెస్ట్ ఫ్లైట్లు, 200కు పైగా టేకాఫ్, ల్యాండింగ్‌లు అయ్యాకే 2022 జనవరిలో దానికి అక్కడి విమానయాన సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది.

రెండో రకం కరెంటు మోటార్లతో ఉన్నచోటు నుంచే నిట్టనిలువుగా లేచేది. ఎయిర్ ట్యాక్సీ అంటున్నది దీన్నే. చక్రాలతో రోడ్డు మీద నడవకపోయినా జనం ఎగిరే కారు అనే పిలుస్తున్నారు.

ఏ రకమైనా తొలి ఫ్లైట్‌కు ముందు దాటాల్సిన మెట్లు ఇవి.

1. బరువు తూకం: వాహనం మొత్తం బరువు ఎంతో, ఆ బరువు ఎక్కడ నిలబడుతోందో చూస్తారు. ఎడ్లబండిలో వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది కదా.. ఇదీ అంతే. బ్యాటరీ నాలుగు వేళ్లు వెనక్కి జరిగినా ముక్కు పైకి లేచే ప్రమాదం ఉంది.

2. నేలకు కట్టేసి మోటార్లు తిప్పడం: వాహనాన్ని నేలకు గట్టిగా బిగించి మోటార్లను నెమ్మదిగా పూర్తి వేగానికి తీసుకెళ్తారు. వణుకు ఎంత, వేడి ఎంత, ఏ నట్టు వదులవుతోంది అన్నది ఇక్కడే తెలుస్తుంది. మనుషులంతా దూరంగా, అడ్డుగోడ వెనకే ఉండాలి.

3. ఒక మోటార్ ఆపి చూడటం: నాలుగైనా, ఎనిమిదైనా, వాటిలో ఒకటి ఆగితే మిగతావి నిలబెట్టగలవా? గాల్లో తెలుసుకోవాల్సిన విషయం కాదిది. నేల మీదే తేలాలి.

4. బ్యాటరీ: నిట్టనిలువుగా లేవడానికి, దిగడానికే కరెంటు విపరీతంగా ఖర్చవుతుంది. దిగే సమయానికి ఛార్జింగ్ బాగా తగ్గిపోయి ఉంటుంది. కాబట్టి ‘ఎంత ఛార్జింగ్ మిగిలితే దిగిపోవాలి’ అన్న గీత ముందే గీసుకోవాలి.

5. తాడు కట్టి లేపడం: తొలిసారి లేచేది కొన్ని అడుగులే. అదీ తాడు కట్టి, లోపల మనిషి లేకుండా. మనిషి బరువుకు సరిపడా ఇసుక బస్తానో, బొమ్మనో పెడతారు.

6. తాడు తీసి అక్కడక్కడే నిలపడం. ఆ తర్వాత కొంచెం ముందుకు, వెనక్కి. నిలువుగా లేచిన వాహనం రెక్కల మీద ముందుకు సాగడం మొదలుపెట్టే ఘట్టం అన్నిటికంటే కష్టం. అది చాలా తర్వాత.

7. చివర్లో పైలట్. అదీ ముందు మెట్లన్నీ చాలాసార్లు దాటాకే.

మన తీరంలో అయితే ఇంకొన్ని చూసుకోవాలి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది వైర్ల కనెక్షన్లను, ఇనుప భాగాలను తినేస్తుంది. పొద్దెక్కే కొద్దీ సముద్రం మీద నుంచి గాలి జోరందుకుంటుంది, అందుకే తొలి పరీక్షకు తెల్లవారుజామే మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తుపాన్ల కాలం. సరిగ్గా అదే సీజన్‌లో పులికాట్‌కు ఫ్లెమింగోలు, నేలపట్టుకు గూడబాతులు వేలల్లో వస్తాయి. తక్కువ ఎత్తులో ఎగిరే వాహనానికి ఒక్క పక్షి తగిలినా చాలు.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

మన దేశంలో ఏ విమానమైనా ఎగరాలంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ అనుమతి తప్పనిసరి. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్‌లో బరువు పరిమితిని 300 కిలోల నుంచి 500 కిలోలకు పెంచారు. డ్రోన్ ట్యాక్సీల్లాంటివి కూడా వీటి కిందకు రావాలన్నదే ఉద్దేశం. పరిశోధన కోసం, గ్రీన్ జోన్‌లో, తమ సొంత ఆవరణలో ఎగరేసే సంస్థలకు కొన్ని మినహాయింపులున్నాయి. అయితే లోపల పైలట్ కూర్చుని నడిపితే అది డ్రోన్ కాదు, విమానం. దానికి రూల్స్ వేరు, సర్టిఫికెట్లు వేరు.

ఈ పని ఇప్పుడు మన దగ్గరికీ వస్తోంది. ఎయిర్ ట్యాక్సీలు తయారు చేస్తున్న బెంగళూరు సంస్థ సర్లా ఏవియేషన్, అనంతపురం జిల్లాలో ఫ్యాక్టరీ పెట్టేందుకు 2025 నవంబరులో ఏపీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పక్కనే చెన్నైలో ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన ఈప్లేన్ కంపెనీ ఇదే పనిలో ఉంది. అంటే రానున్న ఏళ్లలో తొలి టెస్ట్ ఫ్లైట్ల వార్తలు మనం ఎక్కువగానే వినబోతున్నాం.

వీడియో కోసం ప్రాణం పెట్టొద్దు

2021 ఆగస్టులో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ఒక యువకుడు సొంతంగా చిన్న హెలికాప్టర్ తయారు చేశాడు. ఊళ్లోనే ఇంజిన్ ఆన్ చేసి పరీక్షిస్తుండగా వెనక రెక్క విరిగి పైన తిరుగుతున్న పెద్ద రెక్కకు తగిలింది. ఆ పెద్ద రెక్క అతని తలకు తగిలింది. ప్రాణం పోయింది. గమనించాల్సింది ఏంటంటే.. ఆ హెలికాప్టర్ నేల మీద నుంచి లేవనే లేదు. ప్రమాదం గాల్లోనే ఉంటుందనుకుంటే పొరపాటు. మొదటిసారి తిరిగే మోటార్ పక్కన నిలబడటమే పెద్ద ప్రమాదం.

తెలివి లేకపోవడం వల్ల పోయిన ప్రాణం కాదది. పక్కన ‘ఆపు’ అనే మనిషి, మధ్యలో ఒక అడ్డుగోడ లేకపోవడం వల్ల పోయింది.

ఇక శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే తీరంలోని మత్స్యకారులకు ముందే కబురు వెళ్తుంది. ఆ రోజు ఆ వైపు వేటకు వెళ్లొద్దని చెబుతారు. కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసులు గస్తీ తిరుగుతారు. ఆ ప్రాంతంలోకి విమానాలు రాకుండా పైలట్లకు నోటీసు ఇస్తారు. ప్రయోగం వాయిదా పడితే ఇదంతా మళ్లీ చేయాలి. వేట మీద బతికే కుటుంబానికి ఒక రోజు పోవడం చిన్న విషయం కాదు. కొత్త వాహనాన్ని పరీక్షించే ఎవరైనా, ఈ లెక్క కూడా వేసుకోవాలి.

ఈసారి వీడియో చూస్తే ఇవి అడగండి..

ఎగిరే కారు వీడియో మళ్లీ మీ ఫోన్‌కు వస్తే షేర్ చేసే ముందు ఐదు ప్రశ్నలు వేసుకోండి.

- లోపల మనిషి ఉన్నాడా, బొమ్మ ఉందా?
- కింద జనం ఉన్నారా? ఉంటే ఎంత దూరంలో?
- ఎంత ఎత్తు, ఎంతసేపు ఎగిరింది? లేచింది సరే, దిగడం చూపించారా?
- అనుమతి ఎవరిచ్చారు?
- ఎన్నిసార్లు ఆపేశారో చెప్పారా?

చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేవాళ్లు దొరికితే, వాళ్ల వాహనాన్ని కొంచెం నమ్మొచ్చు.